వాట్లు చూసి కొనబోయి మైకు చూసి కొన్న: ఆరేళ్ల రిసీవర్ ముచ్చట

2019 దసరాకు కొన్న రిసీవర్ ఇది, అంటే టీవీ, ప్లేయర్ల సౌండ్ తీసుకొని స్పీకర్లను మోగించే పెట్టె. మహబూబ్‌నగర్‌ల మా ముందు అర్రలో అప్పటి సంది నడుస్తున్నది. కొనే ముందు నోటుబుక్కుల గీసుకున్న పట్టిక మొన్న అల్మారా సదురుతుంటే దొరికింది. అన్నిటికంటే వెడల్పు గడి వాట్లకు ఇచ్చిన. ఇన్నేండ్లల్ల ఒక్కనాడూ అక్కరకు రానిది అదే.

30 వేలకు అటు ఇటుగా చివరికి రెండు మిగిలినయి. యమహా ఆర్ఎక్స్-వీ385, డెనాన్ ఏవీఆర్-ఎక్స్250బీటీ. రెండూ 5.1 (ఐదు స్పీకర్లు, బేస్‌కు ఒక సబ్‌వూఫర్), రెండింటికీ బ్లూటూత్ ఉంది. కోఠీ గుజరాతీ గల్లీల ఒకాయన మూడోది కూడా చూపెట్టిండు: అసెంబుల్డ్ ఆంప్లిఫయర్, దాని మీద 5,000 వాట్ల పీఎంపీఓ (ఒక్క క్షణం వచ్చే పీక్ అని చెప్పుకునే లెక్క) అని బంగారు రంగు స్టిక్కర్. ధర మూడో వంతే. మా బావమరిది దాన్ని వదిలి కదలడు. టీవీ కాడ మా గోడకున్నది 6 ఆంపియర్ల సాకెట్. 230 వోల్టుల లెక్కన 1,380 వాట్లు దాటి ఇయ్యలేదు. మిగతా వాట్లు ఏడికెళ్లి వస్తయని అడిగితే దుకాణమాయన చాయ్ తెప్పించిండు.

పేరున్న కంపెనీల అంకెలు అబద్ధం కావు, కాని చదివే తీరు తెల్వాలె. యమహా డబ్బా మీద 135 వాట్లు కనిపిస్తది. అది ఒక్క ఛానల్, ఒక్క కిలోహెర్ట్‌జ్ శబ్దం, 10 శాతం వక్రీకరణ (సౌండ్ చెడిపోవుడు) కాడ కొలిచింది. రెండు ఛానళ్లు ఒకేసారి నడిపి 20 హెర్ట్‌జ్ నుంచి 20 కిలోహెర్ట్‌జ్ దాకా కొలిస్తే అదే మిషను ఒక్కో ఛానల్‌కు 70 వాట్లు. పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే తీసుకోవాలె. అయినా వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. సప్పుడు రెండింతలైనట్టు చెవికి అనిపించాలంటే వాట్లు దగ్గరదగ్గర పదింతలు కావాలె. స్పీకర్లకూ ఒక అంకె ఉంటది, అంతే కరెంటుకు ఎంత సప్పుడు ఇస్తదో చెప్పేది; 86 డెసిబెల్స్ స్పీకర్ బదులు 89 డెసిబెల్స్‌ది కొంటే ఆంప్లిఫయర్ రెండింతలు చేసినట్టే. నేను స్పీకర్ల గడే గీయలేదు.

యమహా తీసుకున్నది మైకు కోసం. నేను చూసిన డెనాన్ మోడల్‌కు మైకు లేదు; దూరాలు, లెవెళ్లు మనమే కొలిచి ఎక్కించాలె. దీంట్ల మైకు కూసునే కాడ పెడితే స్పీకర్లు ఒక్కొక్కటి కూతపెట్టి అదే సరిచేసుకుంటది. మొదటిసారి ఫ్యాన్ తిరుగుతుండంగనే చేసిన. బేస్ అంతా గందరగోళం. వారం రోజులు స్పీకర్లను తిట్టిన. తర్వాత ఫ్యాన్, కూలర్ బంద్‌జేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడ పీకి, మైకును కుర్చీ మీద చెవి ఎత్తున పెట్టి చేస్తే కుదిరింది. ఫ్రిజ్ మళ్ల పెట్టుడు మరిచిపోయిన. తెల్లారి పాలు విరిగినయి, ఆ ముచ్చట ఇంట్ల ఇంకా నడుస్తనే ఉంది.

మైకు కూడ అన్నీ చెయ్యదు. మా అర్రల తాండూరు బండలు, గోడలు బోడిగ ఉండె. మాట గోడకు తాకి వాపసొచ్చి ముద్ద అయితుండె. అమ్మ ఎప్పుడూ ఒకటే మాట: "ఏందిరా, మాట్లాడితే ఇనపడది, కొట్లాట ఒస్తె చెవులు పలుగుతయి." రిసీవర్ మార్చాలేమో అనుకున్న. స్పీకర్ల ముందు మందం జంపఖానా పరిచి, కిటికీకి బరువు పరద కట్టి, సెంటర్ స్పీకర్ 3 డెసిబెల్స్ పెంచితే సగం కంప్లైంట్ పోయింది. రాత్రిపూట డైనమిక్ రేంజ్ (చిన్న సప్పుడుకు, పెద్ద సప్పుడుకు మధ్య తేడా) తగ్గించే సెట్టింగ్ పెడితే మిగతా సగం. సబ్‌వూఫర్ మూలకున్నంత సేపు అటక మీది స్టీలు బోకెలు మోగుతుండె. రెండు జానలు జరిపిన, ఆగినయి.

మొదటి ఎండాకాలం దాన్ని టీవీ కింద గూట్లె పెట్టిన. రిసీవర్ కాలుతుండె, వెచ్చగుందని ఒక బల్లి కాపురం పెట్టింది. బయటికి తీసి, పైన జానెడు జాగ వదిలిన.

ఇయ్యాల కొనేటోళ్లు దీని హద్దులు తెలుసుకోవాలె. డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడ సౌండ్ వచ్చే పద్ధతి) లేదు. టీవీ నుంచి సౌండ్ ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ వైరు మీదనే టీవీ సౌండ్ రిసీవర్‌కు వాపసొచ్చే పద్ధతి) ద్వారానే వస్తది, ఎక్కువ డేటా పట్టే కొత్త రకం ఈ-ఏఆర్‌సీ కాదు. ఓటీటీ సినిమాలు డాల్బీ డిజిటల్ ప్లస్‌ల వస్తయి, వాటికి ఏఆర్‌సీ సరిపోతది. బ్లూరే డిస్కుల మీది ట్రూహెచ్‌డీ (ఏమీ కోత లేని డాల్బీ సౌండ్) కావాలంటే ప్లేయర్ వైరు నేరుగా రిసీవర్‌కే గుచ్చాలె.

ఇగ నా పట్టికల అసలే లేని గడి, హెచ్‌డీఎంఐ పోర్టుల లెక్క. దీనికి లోపలికి నాలుగున్నయి. రెండేండ్ల కింద మే నెల గాలివానకు దగ్గర్ల పిడుగు పడ్డది. అన్ని ప్లగ్గులు పీకిన, సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ వైరు మరిచిన. కరెంటు దాని మీదికెళ్లి వచ్చి, బాక్సును కాల్చి, బాక్సు గుచ్చిన పోర్టును కూడ తీసుకపోయింది. మిగిలినయి మూడు. బాక్సు కొత్తది తెచ్చి పక్క పోర్టుకు పెట్టిన. ఇప్పుడు మబ్బు పడితే అమ్మనే ముందు లేచి కేబుల్ వైరు పీకుతది.