నిలబెట్టిన డిస్కు నిక్షేపంగా ఉంది: ఆరేళ్లు వాడిన కేబినెట్ గురించి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాకో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం ఆరేళ్ల కిందట 2,800 రూపాయలు పెట్టి ఒక మామూలు కంప్యూటర్ కేబినెట్ కొన్నాను. అందులో మూడు పెద్ద హార్డ్ డిస్కులు: రెండు 4 టీబీవి (టెరాబైట్లవి), ఒకటి 2 టీబీది. రంగులైట్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది. నేను డిస్కులు బిగించే చోటు గురించే రాస్తాను.

డిస్కులు పెట్టే కింది బోనులో ఉన్నవి రెండే ట్రేలు. మూడో డిస్కును కేబినెట్ పక్క గోడకు నిలువుగా బిగించాల్సి వచ్చింది. మా ఆల్బమ్ డిజైన్ కుర్రాడు భయపడ్డాడు. "అన్నా, నిలబెడితే పాడైపోద్దన్నా" అన్నాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బాగా పాత డిస్కుల్లో డేటా చదివే, రాసే హెడ్‌ను స్టెప్పర్ మోటారు లెక్కపెట్టినట్టు అడుగులు వేయిస్తూ జరిపేది. అందుకే పొజిషన్ మారిస్తే మళ్లీ ఫార్మాట్ చేసేవారు. ఇప్పటివాటిలో డేటా ఉండే ట్రాక్ ఎక్కడుందో చెప్పే గుర్తులు లోపల తిరిగే పళ్లెం మీదే ఉంటాయి, హెడ్ వాటిని చదువుకుంటూ సర్దుకుంటుంది. పడుకోబెట్టినా, పక్కకు నిలబెట్టినా తేడా లేదు. నా నిలువు డిస్కు 18 వేల గంటలు దాటింది. బ్యాడ్ సెక్టార్ల (పాడైపోయి చదవలేని చోట్ల) లెక్క ఇప్పటికీ 0.

పోయింది పడుకోబెట్టిన 2 టీబీదే! తప్పు నాది. ఒక రాత్రి వాన నీళ్లు షాపులోకి వస్తుంటే, యూపీఎస్ మీద నడుస్తున్న కేబినెట్‌ను అలాగే ఎత్తి బల్ల మీద దబ్బున పెట్టాను. వారం తిరక్కుండా బ్యాడ్ సెక్టార్లు మొదలయ్యాయి. అందులో ఉన్న పెళ్లి వీడియోకు ఇంకో కాపీ ఉంది కాబట్టి పెళ్లికూతురి నాన్నగారి ముందు తలెత్తుకోగలిగాను.

ఈ కేబినెట్‌లో నాకు నచ్చనివి ట్రేలు. స్క్రూ లేకుండా క్లిప్పుతో నొక్కేవి. మొదట్లో బాగానే పట్టుకున్నాయి, మూడో ఏడాదికి వాటి రబ్బర్లు గట్టిపడిపోయాయి. రెండు 4 టీబీలూ నిమిషానికి 7,200 చుట్లు తిరిగేవే, కానీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది కదా, దాంతో రొద ఒకటే తీరుగా కాక పెరుగుతూ తగ్గుతూ ఉండేది. మా బావమరిది వచ్చి "ఏటి బావా, తుమ్మెదని పెంచుతున్నావేటి?" అన్నాడు. కొత్త రబ్బర్లు వేసి, క్లిప్పులు తీసేసి, నాలుగేసి స్క్రూలు బిగించాక సద్దుమణిగింది.

స్క్రూల దగ్గరా ఒక మాట. ఇలాంటి 3.5 అంగుళాల పెద్ద డిస్కుకు మర వెడల్పుగా ఉండే 6-32 స్క్రూలు కావాలి. మొదట అసెంబుల్ చేసిన చోట నిలువు డిస్కుకు సన్న మర ఉన్న ఎం3 స్క్రూలు వేశారు. అవి ఎక్కినట్టే ఎక్కి వదులైపోతాయి. మరీ పొడుగువి వేస్తే లోపల బోర్డుకు తగిలే ప్రమాదం.

వేడి సంగతి వేసవిలో తెలిసింది. ట్రేల మధ్య వేలు దూరేంత సందే ఉంది, మే నెలలో పై డిస్కు 53 డిగ్రీలు చూపించింది. ముందు వైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టాక 44కి దిగింది. దుమ్ము మాత్రం నెలకోసారి దులపాల్సిందే.

పక్క తలుపు మూస్తే డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ నొక్కుకుపోతుంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (కేబుల్‌లో డేటా చెడిన లెక్క) పెరుగుతుంటే డిస్కే పోతోందని టెన్షన్ పడ్డాను. ఎల్ ఆకారం కేబుల్ వేశాక అంకె అక్కడే ఆగింది. అది తగ్గదు, పెరగకపోతే చాలు.

ఇంత జరిగినా పారేయలేదు. రేకు గట్టిది, ఇంతవరకు ఎక్కడా వంగలేదు. మూడు ట్రేలది ఈ ధరలో దొరికితే మారుస్తాను. అప్పటిదాకా ఇదే. ఇంకో ఎనిమిది రబ్బర్లు కొని సొరుగులో పడేశాను.