నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్: వరంగల్ విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది?

ప్రభుత్వ పథకం ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూడాలనుకునే విద్యార్థికి, కేంద్ర ప్రభుత్వానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్‌లో ఇంటర్న్‌షిప్ మంచి చోటు. సొంత వ్యాపారం పెట్టాలన్న ఆలోచనతో వెళ్లేవాళ్లకు మాత్రం అక్కడ సగమే దొరుకుతుంది. మిగతా సగం వరంగల్‌లోనే నేర్చుకుని బయల్దేరాలి.

మొదట అర్హత. డిగ్రీ, బీటెక్ వాళ్లు నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాసి ఉండాలి, ఇంటర్‌లో 85 శాతం రావాలి. మన ఇంటర్ వెయ్యి మార్కులకు కాబట్టి 850. బీటెక్‌లో సీజీపీఏ ఎంత బాగున్నా ఇంటర్ మార్కులు తగ్గితే లాభం లేదు. పీజీ వాళ్లకు డిగ్రీలో 70 శాతం చూస్తారు. దరఖాస్తు ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ దాకానే. కనీసం 6 వారాలు, గరిష్ఠంగా 6 నెలలు.

స్టైపెండ్ లేదు. పెద్ద లోటు ఇదే. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ చేరొచ్చు గానీ గది అద్దె, తిండి, ల్యాప్‌టాప్ అన్నీ మనవే. కూర్చునే చోటు, ఇంటర్నెట్ వాళ్లిస్తారు. తెలివైన పేదింటి పిల్లలు డబ్బు దగ్గరే ఆగిపోవడం మాకు బాధగా ఉంది.

ఇక వెళ్లేముందు చేయాల్సిన పని. ఒక చిన్న యూనిట్ తీసుకుని దానికి వర్తించే పథకాలన్నీ లెక్కగట్టండి. ఎనుమాముల మార్కెట్ మిర్చితో 10 లక్షల కారప్పొడి యూనిట్ అనుకుందాం. జనరల్ కేటగిరీ పురుషుడు నగరంలో పెడితే పీఎంఈజీపీ (చిన్న యూనిట్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) కింద సబ్సిడీ 15 శాతం, అంటే లక్షన్నర. అదే యూనిట్ పర్వతగిరి మండలంలోని ఓ గ్రామ పంచాయతీలో పెడితే 25 శాతం, రెండున్నర లక్షలు. చిన్న ఆహారశుద్ధి యూనిట్ల కోసం 2020లో మొదలైన మరో కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈలో ఎక్కడైనా 35 శాతమే కాబట్టి మూడున్నర లక్షలు. చాలామంది విద్యార్థులు ఇక్కడిదాకా చూసి పీఎంఎఫ్‌ఎంఈయే మేలని రాసేస్తారు. కానీ పెట్టేది మహిళ అయితే పీఎంఈజీపీలోనే ఊళ్లో 35 శాతం వస్తుంది. పైగా సొంత వాటా 5 శాతం చాలు, పీఎంఎఫ్‌ఎంఈలో 10 పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీలకూ అంతే. దరఖాస్తుదారు ఎవరు, ఊరేది అని అడగకుండా ఇచ్చే సలహా వాళ్లకు లక్షల్లో నష్టం తెస్తుంది.

రెండో తప్పు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. సబ్సిడీని చేతికొచ్చే డబ్బుగా లెక్కేసి మిషన్ల ఖర్చులో కలిపేస్తారు. అది చేతికి రాదు. బ్యాంకు మూడేళ్లు విడిగా ఉంచి, యూనిట్ నడుస్తోందని తేలాకే అప్పులో సర్దుతుంది. కాబట్టి మిర్చి కొనే సీజన్‌లో రొక్కం ఎక్కడిదన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఓ పూట, మిర్చి యార్డులో ఓ పూట గడిపితే ఇది అర్థమవుతుంది. ఈ లెక్క ఒక పేజీలో రాసుకుని వెళ్లిన విద్యార్థి పథకం మార్గదర్శకాలు చదివే తీరే వేరుగా ఉంటుంది.

మా మార్కులు: పాలసీ నేర్చుకోవడానికి 5కు 4, వ్యాపారం నేర్చుకోవడానికి 2.

ఎంపికైతే చేరే రోజు అసలు మార్కుల మెమోలు, కాలేజీ ఇచ్చే నిరభ్యంతర పత్రం చూపించాలి. వేసవి సెలవుల్లో హెచ్‌ఓడీ సంతకం దొరకడం కష్టం. ఆ పత్రం ఏప్రిల్‌లోనే తీసి పెట్టుకోండి.