పొద్దున్నే మొరిగే కుక్క: చెవులు మూసుకోవడం మేలా, దానికంటే ముందే లేవడం మేలా?

మా బంగారి దేశవాళీ కుక్క. విజయవాడలో మూడో అంతస్తులో ఉంటాం. పాలబ్బాయి లిఫ్టు ఎక్కడు, మెట్ల మీదుగానే వస్తాడు. తెల్లవారుజామున 4.40కి రెండో అంతస్తులో అతని చెప్పుల చప్పుడు వినపడగానే ఇది చెవులు రిక్కించి, టైల్స్ మీద గోళ్లు టకటకలాడిస్తూ తలుపు దగ్గరికి పరుగెడుతుంది. గడియకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు పడేసరికి అంతస్తు మొత్తం మేలుకుంటుంది. "ఈమధ్య మీ బంగారి సుప్రభాతం ఇంకాస్త ముందే మొదలవుతోందండీ" అని ఎదురింటి పిన్నిగారు నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వులోని పులుపు నాకు తెలియకపోలేదు.

మందు వెతికే ముందు రోగం చూడాలి కదా. పొద్దుటి అరుపులు రెండు రకాలు. చప్పుడు విని మొరిగే కుక్క తలుపు వైపు చూస్తుంది, ఆ మనిషి వెళ్లిపోతే సద్దుమణుగుతుంది. మనల్ని లేపడానికి మొరిగేది ఒక్క అరుపు అరిచి, ఆగి, మన మొహం చూసి, మళ్లీ అరుస్తుంది. బంగారికి రెండూ ఉన్నాయి. పాలబ్బాయి దిగిపోయాక నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి రెండో కచేరీ మొదలుపెట్టేది.

అందరూ ముందుగా చెప్పేది 'పట్టించుకోకండి, అదే మానుకుంటుంది' అని. మాట నిజమే, మధ్యలో జరిగేది మాత్రం ఎవరూ చెప్పరు. ఇన్నాళ్లూ అరిస్తే లేచిన మనిషి ఇవాళ లేవకపోతే, అరుపు చాలలేదనుకుని కుక్క ఇంకా గట్టిగా అరుస్తుంది. తగ్గే ముందు పెరుగుతుందన్నమాట. నేను నాలుగు రోజులు దిండు కింద తల పెట్టుకుని ఓర్చుకున్నాను. ఐదో రోజు ఇరవై నిమిషాలు విని, లేచి, "నోరు మూయి!" అని కసిరాను. బంగారి తోక ఊపింది. దాని లెక్కలో అయ్యగారు లేచారు, మాట్లాడారు. ఇరవై నిమిషాలు అరిస్తే పని అవుతుందని నేనే నేర్పినట్టయింది. ఒక రోజు లొంగి మరో రోజు బిగుసుకుంటే అలవాటు ఇంకా ముదురుతుంది. ఊరి చివర విడిగా ఇల్లున్నవారికి ఈ పద్ధతి పనికొస్తుందేమో గాని, గోడకు గోడ ఆనుకున్న అపార్టుమెంటులో మన పట్టుదలకు మూల్యం చెల్లించేది పొరుగువారు.

కొన్ని కుక్కల విషయంలో ఇది అసలు పనికిరాదు. మూడు నెలల పిల్ల రాత్రంతా మూత్రం ఆపుకోలేదు, అది అరిచేది అవసరం కొద్దీ. ముసలి కుక్క ఉన్నట్టుండి వేకువన అరవడం మొదలుపెడితే మూత్రపిండాల జబ్బో, మధుమేహమో ఉండవచ్చు. ముందు పశువైద్యుడికి చూపించాలి.

రెండో దారి దానికంటే ముందే లేవడం. 4.25కి అలారం పెట్టుకున్నాను. బంగారి నోరు విప్పకముందే గొలుసు తగిలించి కిందికి తీసుకెళ్లాను. పాలబ్బాయి మాకు గేటు దగ్గరే ఎదురయ్యాడు. బంగారి అతని సంచిని వాసన చూసి, తడి చేతిని నాకి వదిలేసింది. రోజూ కనపడే మనిషి చెప్పుల చప్పుడు కొన్నాళ్లకు దానికి వింతగా తోచలేదు. ఆ తరువాత మూడు నాలుగు రోజులకోసారి అలారాన్ని పది నిమిషాలు వెనక్కి జరిపాను. అరిచాక లేస్తే ఇది పద్ధతి కాదు, పాత కథే. తిండి కూడా లేవగానే పెట్టకూడదు, పెడితే రేపటి నుంచి ఆకలే అలారం అవుతుంది. నెలన్నర పట్టింది 5.45కి చేరడానికి. ఇందులో కష్టం మనది. ఆదివారమని కుక్కకు తెలియదు కదా.

ఈ లోపు చిన్న మార్పులు రెండు చేశాను. పడక హాల్లోంచి వెనక గదికి మార్చి, చప్పుడు వినపడకుండా కూలర్ వేసి ఉంచాను. రాత్రి ఏడింటికి తిన్న కుక్కకు తెల్లవారేసరికి కడుపు ఖాళీ. కొన్ని పసుపుపచ్చని నురగ కూడా కక్కుకుంటాయి. పడుకోబోయే ముందు గుప్పెడు పెరుగన్నం పెడితే సరిపోయింది. నీళ్లు మాత్రం తగ్గించకండి, మా ఊరి ఎండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక అరిచినప్పుడల్లా షాక్ కొట్టే మెడపట్టీలు. దుకాణంలో ఒకటి చేత్తో పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేశాను. పాలబ్బాయి వచ్చినప్పుడల్లా మెడ చురుక్కుమంటే, కుక్క నేర్చుకునేది పాలబ్బాయి ప్రమాదకరమైన మనిషని. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే వీటిని నిషేధించారు. మనిషి చెవికి అందని ఈల వేసే యంత్రాలూ ఉన్నాయి. అవి దగ్గర్లో ఉన్న నోరెత్తని కుక్కనూ శిక్షిస్తాయి.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా హింసే. చట్టం వేలెత్తి చూపేది యజమానినే.

పోయిన వారం పాలబ్బాయి మారాడు. కొత్తతను బూట్లు వేసుకుని వస్తాడు. అలారం మళ్లీ 4.25కి పెట్టాను.