డోసెంటా, చిచెరోనేనా?

మ్యూజియంలో వెంట తిరుగుతూ వివరాలు చెప్పే మనిషిని మనం గైడ్ అని ఊరుకుంటాం. అమెరికాలో డోసెంట్ అంటారు. పాత ఇటలీ యాత్రల రాతల్లో అయితే చిచెరోనే.

డోసెంట్‌కి మూలం లాటిన్ 'డొకేరె', అంటే బోధించడం. డాక్టరూ డాక్యుమెంటూ ఆ ఇంటి పిల్లలే. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో 'ప్రివాట్ డొత్సెంట్' అంటే పాఠం చెప్పే హక్కు ఉండీ జీతం లేని పంతులు. ఒకప్పుడు విద్యార్థులిచ్చే ఫీజే ఆధారం. 1907లో బోస్టన్ లలిత కళల మ్యూజియం డోసెంట్ అన్న మాటను తన గ్యాలరీల్లోకి తెచ్చుకుంది. ఇప్పటికీ అమెరికా డోసెంట్లలో చాలామంది జీతం తీసుకోరు. మాటతో పాటు ఆ అలవాటూ వలస వచ్చినట్టుంది!

చిచెరోనే కథ ఇంకా రుచిగా ఉంటుంది. అది రోమన్ వక్త సిసెరో పేరే. 18వ శతాబ్దంలో రోమ్ శిథిలాలు చూడవచ్చిన ఇంగ్లిష్ దొరలకు గుక్కతిప్పుకోకుండా కథలు చెప్పిన స్థానికులను అలా పిలిచారు. పొగడ్తలో కాస్త వెటకారమూ ఉందని నా అనుమానం. ఇంకా తవ్వితే ఆ పేరు శనగల దగ్గర తేలుతుంది: లాటిన్‌లో సిసెరోను 'కికెరో' అనేవారు, 'కికెర్' అంటే శనగ. సిసెరో పూర్వీకుడొకరి ముక్కు కొస శనగగింజలా నొక్కుపడి ఉండేదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

నా ఓటు చిచెరోనేకే. తేదీ సరిచూసుకోవాలంటే మాత్రం డోసెంట్ దగ్గరికే వెళ్తాను.