మూడు ఇంజన్లు, రెండు ఘాట్లు: అరకు నుంచి లంబసింగి దాకా

అరకుకు నేను పదిసార్లకు పైనే వెళ్లి ఉంటాను. రైల్లో, బస్సులో, ఒకసారి పెళ్లివారి లారీలో కూడా. ఈసారి బయలుదేరింది మాత్రం అరకు చూడటానికి కాదు. దసరాకు హైదరాబాద్ నుంచి వచ్చిన తమ్ముడికీ మా బావకీ భోజనాల దగ్గర ఒక వాదన మొదలైంది. ఘాట్ రోడ్డు మీద ఎవరి కారు బాగా లాగుతుందన్నది విషయం. పెరుగన్నం దాకా వచ్చినా తేలలేదు. చివరికి నవంబరు నెలాఖరులో మూడు కార్లు, ఏడుగురు మనుషులు, నాలుగు రోజుల ప్రయాణంగా తేలింది.

ముందు కార్ల సంగతి. నాది 2016 నాటి స్విఫ్ట్ డీజిల్. అందులో ఉన్నది ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజను, 75 పీఎస్ (గుర్రపు శక్తి లెక్క), 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియట్ అన్న తేడా లేకుండా ఎన్నో కార్లలో ఇదే ఇంజను ఉండేది కాబట్టి సరదాగా దీన్ని జాతీయ ఇంజను అనేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది. బావది ఐదో తరం హోండా సిటీ, 1.5 లీటర్ పెట్రోల్, ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టే టర్బో లేదు. 121 పీఎస్, 145 న్యూటన్ మీటర్లు, చేత్తో మార్చుకునే ఆరు గేర్లు. తమ్ముడిది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. 1.5 లీటర్ టర్బో పెట్రోల్, 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, రెండు క్లచ్‌లతో గేర్లు తనంతట తానే మార్చుకునే ఏడు గేర్ల డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్. కాగితం మీద చూస్తే నా బండి పోటీలోనే లేదు. అందుకే నన్ను మధ్యవర్తిగా పెట్టుకున్నారు. అసలు తీర్పరి అమ్మ అని మాకు తర్వాత తెలిసింది. ఆమెకు ఘాట్ రోడ్డంటే కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ, అల్లం మురబ్బా, ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని నా పక్క సీట్లో కూర్చుంది.

పెందుర్తి దగ్గర మూడు బండ్లకూ ట్యాంకు నిండా పోయించాం. తిరుగుదారిలో మళ్లీ నింపి మైలేజీ లెక్క తేల్చాలని ఒప్పందం. కొత్తవలస దాటి శృంగవరపుకోటలో ఇడ్లీలు తిన్నాం. అక్కడి దాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మూడూ ఒకేలా నడిచాయి. చదునైన రోడ్డు మీద అన్ని కార్లూ మంచివే.

శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. మొదటి నాలుగు మలుపుల్లోనే ఒక్కో ఇంజను స్వభావం బయటపడింది. హెయిర్‌పిన్ మలుపు దగ్గర వేగం పదిహేనుకు పడిపోతుంది. నా డీజిల్ ఆ క్షణంలో రెండో గేరులో 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర మగతగా ఉంటుంది. దాని టార్క్ పూర్తిగా చేతికొచ్చేది 2,000 దగ్గర. యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఏమీ జరగదు, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టేలోపు ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్కసారి దూకుతుంది. తొమ్మిదేళ్లుగా అలవాటు కాబట్టి నేను మలుపుకు ముందే ఫస్టు గేరులోకి దిగిపోతాను. అలవాటు లేనివాళ్లు మాత్రం మలుపు మధ్యలో తిట్టుకుంటారు. తమ్ముడి కారుకు ఈ బాధ లేదు. 1,600 నుంచి 3,500 దాకా మొత్తం 250 న్యూటన్ మీటర్లూ సిద్ధంగా ఉంటాయి. అలా తొక్కితే ఇలా ముందు బస్సును దాటేసి, పై మలుపులో ఎర్రదీపాలు మాత్రమే కనిపించేవి.

బావ పరిస్థితి వేరు. ఆయన ఊళ్లో ఎప్పుడూ 2,000 ఆర్‌పీఎం దాటించడు. ఇంజను అరిస్తే అరిగిపోతుందని నమ్మకం. హోండా ఇంజను పూర్తి టార్క్ ఇచ్చేది 4,300 దగ్గర, పూర్తి శక్తి 6,600 దగ్గర. దానికి తోడు ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో టర్బో లేని ఇంజను శక్తిలో దాదాపు పదో వంతు పోతుంది. అంటే పదీ పన్నెండు గుర్రాలను కొండ కిందే కట్టేసి వచ్చినట్టు. టర్బో ఉన్నవి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటాయి. ఫలితంగా టైడా దాకా బావ ఒక ఆర్టీసీ బస్సు వెనకే పొగ పీల్చుకుంటూ వచ్చాడు.

"కారు బాగాలేక కాదు బావా, నువ్వు దాన్ని పాడనివ్వడం లేదు" అన్నాను. టైడాలో తాళాలు మార్చుకున్నాం. రెండో గేరులోనే ఉంచి 5,000 దాటించాను. అప్పటిదాకా నోరు మూసుకున్న ఇంజను గొంతు విప్పింది. గేరు లివరు వెన్నలా కదిలింది, క్లచ్ ఎంత తేలికంటే కాలు ఉన్నట్టే తెలియదు. మూడింటిలో నాకు నడపడానికి ఎక్కువ సంతోషంగా అనిపించింది ఇదే. వేగంలో తమ్ముడి కారును అందుకోలేదు, అది వేరే విషయం. పక్క సీట్లో బావ మాత్రం డోరు పైనున్న పిడిని వదలలేదు. "పెట్రోలు ఎంత తాగుతోందో చూశావా?" అని అడుగుతూనే ఉన్నాడు.

అనంతగిరిలో పర్యాటక సంస్థ హరిత రిసార్టు దగ్గర ఆగి కాఫీ తాగాం. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద పండ్లతో ఎర్రబడిన కాఫీ మొక్కలు. అరకు కంటే రద్దీ తక్కువ, కార్లు పెట్టుకోవడానికి చోటుంది. మళ్లీ వస్తే అరకులో కాకుండా ఇక్కడే దిగుతాను.

బొర్రా గుహలు అందరూ చూసేవే, సున్నపురాయి ఆకారాలను వర్ణించను. పార్కింగ్ గురించి మాత్రం చెప్పాలి. అక్కడి కోతులకు కార్లంటే మా తమ్ముడి కంటే ఎక్కువ ఇష్టం. వైపర్లు ఎత్తి చూస్తాయి, అద్దంలో ముఖం చూసుకుంటాయి. పక్క అద్దాలు మడిచి, తినేవి ఏవీ సీటు మీద కనిపించకుండా పెట్టి వెళ్లండి.

ఆదివారం కావడంతో గాలికొండ వ్యూపాయింట్ దగ్గర అర కిలోమీటరు మేర బండ్లు నిలిచిపోయాయి. ఎక్కుడు మీద అంగుళం అంగుళం జరగడం డ్యుయల్ క్లచ్ బండ్లకు మంచిది కాదు. లోపల ఉన్నది మామూలు క్లచ్చే కాబట్టి సగం పట్టి సగం వదిలి పాకితే వేడెక్కుతుంది. ముందు బండి రెండు మూడు కార్ల దూరం వెళ్లాక ఒక్కసారి కదిలి, మళ్లీ పూర్తిగా ఆగాలి. తమ్ముడు అలాగే చేశాడు. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతూనే ఉన్నారు, వెనకవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు.

అరకులో రాత్రి బస ఒక ప్రైవేటు కాటేజీలో. ఫోనులో చూసినప్పుడు లోయకు ఎదురుగా ఉంది. వెళ్లి చూస్తే పక్క కాటేజీ గోడకు ఎదురుగా ఉంది. గది మూడు వేలు, వేడినీళ్లు ఉదయం ఏడు దాటాకే. కానీ వంటమనిషి చేతి బొంగు చికెన్ తిన్నాక ఎవరూ గొడవ పెట్టుకోలేదు. వెదురు బొంగులో నూనె లేకుండా నిప్పుల మీద కాల్చిన ఆ కోడిమాంసానికి అరగంట కాచుకుని కూర్చోవచ్చు. పొద్దున గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం గబగబా చూసి బయటపడ్డాం. ఊరి బయట వలిసె పూల పొలాలు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. ఫోటో దిగాలంటే రైతుకు ముప్పై రూపాయలు ఇవ్వాలి. ఇవ్వండి, తొక్కిన మొక్కలు ఆయనవే కదా.

అరకు నుంచి పాడేరు రోడ్డు నాకు ఎక్కువ నచ్చింది. మలుపులు విశాలం, ఎత్తుపల్లాలు మెత్తన. ఇక్కడ నా స్విఫ్ట్‌కు మంచి రోజు వచ్చింది. మూడో గేరులో 2,000 దగ్గర పెట్టి వదిలేస్తే గేరు మార్చే పని లేకుండా కిలోమీటర్లు గడిచాయి. డీజిల్ అలవాటైనవాళ్లు పెట్రోలుకు ఎందుకు మారరో ఇలాంటి రోడ్డు మీద తెలుస్తుంది. తమ్ముడి కారులో మా చెల్లెలు మాత్రం రెండుసార్లు దిగి వాంతి చేసుకుంది. "బండి బాగానే ఉందిరా, నీ తొందరే బాగాలేదు" అని అమ్మ తేల్చేసింది.

పాడేరులో దిగింది బస్టాండుకు దగ్గరలో ఒక సాదా లాడ్జి. గది వెయ్యి రూపాయలు, ఉతికిన దుప్పట్లు, తెల్లవారుజామున మూడున్నరకు తలుపు తట్టి లేపిన కుర్రాడు. నాలుగు రోజుల్లో మంచి బస ఏదంటే ఇదే అంటాను.

అంత పొద్దున్నే లేచింది వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి. మా కార్లు కిందే పెట్టి జీపు ఎక్కాం. ఏ కాలపు జీపో తెలియదు, డాష్‌బోర్డు మీద పనిచేసే ముల్లు ఒక్కటీ లేదు. పదిమందితో, రాళ్లు తేలిన దారిలో, ఫస్టు గేరులో అలా గునుస్తూ ఎక్కింది. దిగేటప్పుడు కూడా డ్రైవరు గేరు మార్చలేదు, బ్రేకు మీద కాలు పెట్టింది బహుశా నాలుగుసార్లు. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి బాబూ" అన్నాడు. నాకు తెలియనిదా అనుకున్నాను. కొండ మీద మేఘాలు పాలసముద్రంలా ఉన్నాయని అందరూ అంటారు. మేము వెళ్లిన రోజు నిజంగానే ఉన్నాయి.

అక్కడి నుంచి జి.మాడుగుల మీదుగా లంబసింగి వైపు. రోడ్డు వెడల్పు చేస్తున్న చోట్ల ఎర్రమట్టి, కంకర. కొత్తపల్లి జలపాతం దగ్గర గంట గడిపాం. నీళ్ల దాకా మెట్లున్నాయి, పిల్లలతో వెళ్లేవారికి బాగుంటుంది.

లంబసింగిలో టెంటులో పడుకుందామన్నది నా ఆలోచనే, తప్పు ఒప్పుకుంటున్నాను. టెంటుకు పద్దెనిమిది వందలు. మంచుకు తడిసిన దుప్పట్లు, పన్నెండు టెంట్లకు ఒకటే మరుగుదొడ్డి, పదింటికి జనరేటరు బంద్. రాత్రంతా పాటలు మాత్రం బంద్ కాలేదు. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. టెంటు లోపల పడుకున్నా అంతే. చలి చూడాలనుకుంటే పాడేరులోనో నర్సీపట్నంలోనో గది తీసుకుని తెల్లవారకముందే ఇక్కడికి రండి.

తెల్లారి డీజిల్ బండి తాళం తిప్పి, ఇంజను లోపల వేడెక్కేదాకా వెలిగే తీగచుట్ట గుర్తు దీపం ఆరిపోయేదాకా ఆగి స్టార్టు చేశాను, ఒక్కసారికే అందుకుంది. అసలు నాటకం తమ్ముడిది. కార్లు పెట్టమన్న చోటు దున్నిన పొలం. రాత్రి మంచుకు పైమట్టి బురదయింది. ముందు చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి, 250 న్యూటన్ మీటర్లూ మట్టి చిమ్మడానికే సరిపోయాయి. ముగ్గురు కుర్రాళ్లు చక్రాల కింద గోనెసంచులు వేసి తోస్తే బయటపడింది. బావ ఈ మొత్తం ఘట్టాన్ని వీడియో తీశాడు.

ఇక దిగుడు. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ నిటారుగా పడుతుంది. డీజిల్‌కు కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కడం) ఎక్కువ కాబట్టి ఇంజనే బండిని బాగా పట్టుకుంటుందని నా వాదన. బావ కాదన్నాడు. మూడో గేరులో ధీమాగా దిగడం మొదలుపెట్టాను. ఎనిమిదో మలుపు దగ్గరికొచ్చేసరికి కాలిన వాసన. అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కకు ఆపి చూస్తే ముందు చక్రాల బ్రేకుల వేడి ఒక అడుగు దూరానికే తగులుతోంది.

ఆ అరగంట రోడ్డు పక్కన కూర్చుని బావ చేత పాఠం చెప్పించుకోవలసి వచ్చింది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోల్ ఇంజనులో గాలి దారి మూసుకుంటుంది. గాలి అందక పిస్టన్లు లాగలేక లాగుతాయి, ఆ అవస్థే బండిని వెనక్కు పడుతుంది. డీజిల్‌లో ఆ అడ్డు ఉండదు. పీల్చిన గాలిని గట్టిగా నొక్కుతుంది, నిజమే, కానీ నొక్కిన స్ప్రింగులా అదే గాలి పిస్టన్‌ను తిరిగి తోస్తుంది. పైగా డీజిల్ గేర్లు పొడవు, అదే వేగంలో ఇంజను తక్కువ తిరుగుతుంది. కాబట్టి పెట్రోల్ బండి కంటే నేనే ఇంకో గేరు కిందికి దించి ఉండాల్సింది. చల్లారాక రెండో గేరులో, అవసరమైన చోట ఫస్టులో దిగాను. వాసన రాలేదు. తమ్ముడు స్టీరింగు వెనక మీటతో గేరు తగ్గించుకుంటూ హాయిగా దిగాడు. ఆటోమేటిక్‌లో గేరు లివరును డీ (డ్రైవ్) మీదే వదిలేసి దిగేవాళ్లను దారిలో చాలామందిని చూశాం, అందరి వెనకా అదే వాసన.

నర్సీపట్నంలో ట్యాంకులు నింపి లెక్క తీశాం. స్విఫ్ట్ లీటరుకు 17.8, సిటీ 12.6, వర్టస్ 11.9 కిలోమీటర్లు. ఘాట్లలో నడిపిన తీరుకు ఇవి తక్కువేమీ కాదు. హైవే మీద తన కారు రెండు సిలిండర్లను దానంతట అదే ఆపుకుని 18 దాటించిందని తమ్ముడు హైదరాబాద్ లెక్క బయటికి తీశాడు. ఎవరూ వినిపించుకోలేదు.

టీ తాగాక అమ్మ తన దిండు, నిమ్మకాయ, సంచి తీసుకుని నేరుగా వెళ్లి బావ కారులో వెనక సీటెక్కింది. ఎందుకని అడిగితే, "నీ బండి ఊపుతుంది, వాడి బండి విసురుతుంది, ఇది కదిలినట్టే ఉండదు" అంది. బావ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నా దగ్గరకొచ్చి, "అన్నయ్యా, విశాఖ దాకా స్విఫ్ట్ నేను నడపనా?" అని చెయ్యి చాపాడు.