ఎడ్జ్‌వుడ్ కొండ మీద కలుపుతీత: ఒక స్వచ్ఛంద సేవపై సమీక్ష

పర్యావరణ సేవ అనగానే మనకు మొక్కలు నాటడమే గుర్తుకొస్తుంది. తెలంగాణలో 2015లో హరితహారం మొదలయ్యాక ఆ అలవాటు మరింత బలపడింది. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ సిటీ దగ్గరి ఎడ్జ్‌వుడ్ పార్కులో ‘ఫ్రెండ్స్ ఆఫ్ ఎడ్జ్‌వుడ్’ సంస్థ నడిపే సేవలో మాత్రం ప్రధానమైన పని పీకడమే. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో స్థిరపడి, సెలవు రోజుల్లో కొండబాటలు ఎక్కే తెలుగువారికి ఇది నచ్చుతుందా అన్న దృష్టితో ఈ సమీక్ష రాస్తున్నాను.

467 ఎకరాల ఈ కొండను ఒకప్పుడు గోల్ఫ్ మైదానంగా మార్చాలనుకున్నారు. స్థానికుల పోరాటం ఫలించి 1993లో ఇది సహజ సంరక్షిత ప్రాంతమైంది. సర్పెంటైన్ అనే రాయి నుంచి ఏర్పడిన ఇక్కడి నేలలో మెగ్నీషియం ఎక్కువ, కాల్షియం, నత్రజని తక్కువ. నికెల్ వంటి లోహాలు కూడా ఉండటంతో బయటి గడ్డి అంత సులభంగా బతికేది కాదు, ఆ నేలకు అలవాటుపడిన స్థానిక పూలమొక్కలకు పోటీ ఉండేది కాదు. పక్కనే 280 ఫ్రీవే మీద తిరిగే కార్ల పొగలోని నత్రజని ఏళ్ల తరబడి ఈ నేల మీద పడుతూ, ఎవరూ అడగకుండా చల్లిన యూరియాలా పనిచేసి ఇటాలియన్ రైగ్రాస్‌కు బలమిచ్చింది. ఆ గడ్డి గుబురుగా పెరిగి, జానెడు కూడా లేని ప్లాంటేగో మొక్కను కప్పేయడంతో, దాని ఆకులు తిని పెరిగే బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక గొంగళిపురుగులకు తిండి కరువై, 2000 దశకం మొదట్లో ఆ జాతి ఇక్కడ కనుమరుగైంది. 2007లో శాన్ హోసే దగ్గరి కొయోటే రిడ్జ్ నుంచి తెచ్చి మళ్లీ వదిలారు. రోజూ అదే ఫ్రీవే మీద ఆఫీసుకు వెళ్లేవారిలో మనవాళ్లేమీ తక్కువ కాదు.

ఇక పని సంగతి. ఎల్లో స్టార్ థిసిల్ అనే ముళ్లమొక్కను విత్తనం కట్టకముందే వేరుతో సహా లాగాలి. పసుపు పువ్వు కింద నక్షత్రంలా విచ్చుకునే ముళ్లు గుడ్డ చేతితొడుగుల్లోంచి సులభంగా దిగుతాయి కనుక తోలువి తప్పనిసరి. పీకిన తరువాత కూడా పువ్వులో గింజ ముదిరే అవకాశం ఉండటం వల్ల విచ్చిన పూలను అక్కడే పారేయకుండా సంచిలో వేసుకోవాలి. చూపించిన మొక్కను తప్ప మరొకటి ముట్టుకోకూడదు. 1985 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉన్న శాన్ మటేయో థార్న్‌మింట్ అనే మొక్క ఈ కొండ మీద పెరుగుతుంది కాబట్టి ఈ జాగ్రత్త అతి కాదనే నా అభిప్రాయం.

గంటల తరబడి వంగి పనిచేసినా మూరెడు నేల శుభ్రపడినట్టే కనిపిస్తుంది, మరుసటి ఏడు అక్కడే మళ్లీ మొలుస్తుంది; ఫలితం వెంటనే కళ్లకు కనబడాలనుకునేవారికి ఇది విసుగే. చిన్నపిల్లలున్నవారు ముందుగా వసంతంలో వారాంతాల్లో జరిగే ఉచిత పూలనడకకు వెళ్లడం మేలు. మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ తగిలితే దురద రోజుల తరబడి వదలదు కాబట్టి నిండు చేతుల చొక్కా, పొడవాటి ప్యాంటు వేసుకోవాలి. కుక్కలను, సైకిళ్లను లోపలికి రానివ్వరు. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ నడుము నొప్పికి.