సెకండ్‌హ్యాండ్ సీపీయూ కొనే ముందు ప్లగ్గు పీకి చూడండి

హన్మకొండలో గానీ వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు గానీ పాత కంప్యూటర్ కొనబోతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. లోపల బోర్డు మీదుండే ఒక చిన్న బ్యాటరీ సెల్లు సంగతి తెలియక నేను 3,200 రూపాయలు, ఆరేళ్ల డిజైన్లు పోగొట్టుకున్నాను.

నాది పరకాలలో చిన్న డీటీపీ సెంటర్. లగ్గం పత్రికలు, ఫ్లెక్సీలు, జిరాక్స్. శ్రావణం గిరాకీకి ముందు హన్మకొండలో ఒక షాపులో 7,500 పెట్టి సెకండ్‌హ్యాండ్ సీపీయూ తెచ్చుకున్నాను. అరగంట కూర్చొని మరీ చూశాను. రెండు మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశారు. తేదీ, టైమ్ అన్నీ కరెక్టే. డిజైన్లన్నీ దాంట్లోకి ఎక్కించి, పాత హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ కొట్టి పిల్లలకు ఇచ్చేశాను. ఆ తెలివితక్కువ పని మాత్రం నాదే.

రాత్రి సెంటర్ మూసేటప్పుడు మెయిన్ బంద్ చేసి పోవడం నాకు అలవాటు. తెల్లారి ఆన్ చేస్తే గడియారం నిన్న రాత్రి తొమ్మిది దగ్గరే ఆగి ఉంది. సరిచేసుకున్నా. రోజూ అదే తంతు. వారానికి తెర మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ (బోర్డులో దాచిన సెట్టింగులు చెడిపోయాయని) అని వచ్చింది, తేదీ 2009కి పోయింది, ఎఫ్1 నొక్కితే విండోస్ బదులు నీలం తెర.

షాపుకు మోసుకెళ్లాను. "బోర్డు వీకైంది అన్నా, హార్డ్‌డిస్క్ కూడ డౌటే. ఫార్మాట్ కొట్టాలె" అన్నాడు. డీ డ్రైవ్‌లో నా డిజైన్లున్నాయి భద్రం అంటే, "ఏం కాదన్నా" అన్నాడు. బోర్డు సర్వీసుకు 2,500, విండోస్‌కు 700. ఇంటికొచ్చి చూస్తే డీ డ్రైవే లేదు.

మూడు వారాలకు మళ్లీ 2009. ఈసారి కాజీపేట నుంచి మా బామ్మర్ది వచ్చి డబ్బా విప్పాడు. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులను కాపాడేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) నుంచి బోర్డుకు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. సెల్లు చచ్చినా బయటపడదు. షాపులో ప్లగ్గు ఎప్పుడు పీకారు గనక! నేను రోజూ మెయిన్ బంద్ చేస్తాను కాబట్టే దొరికిపోయింది.

"బావా, వీడు ఏ బోర్డూ బాగుచేయలే, సెల్లు మార్చిండు, అది కూడ తప్పుది" అని చూపించాడు. ఉండాల్సింది సీఆర్2032. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. ఇందులో ఉన్నది సీఆర్2025. వెడల్పు అదే, మందం 2.5. మీటరు పెడితే 3 వోల్టులు చూపిస్తోంది గానీ క్లిప్పులో లొడలొడ ఊగుతోంది.

ఇక అసలు కడుపుమంట ఇది. మొదటిసారి నీలం తెర వచ్చినప్పుడు హార్డ్‌డిస్క్‌కు ఏమీ కాలేదట. సెట్టింగులు చెరిగిపోయి సాటా మోడ్, అంటే బోర్డు హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ నుంచి పాత పద్ధతి ఐడీఈకి మారింది, అందుకే విండోస్ లేవలేదు. బయోస్‌లోకి వెళ్లి మళ్లీ ఏహెచ్‌సీఐ పెడితే సరిపోయేది. డిజైన్లు అక్కడే ఉండేవి. ఇప్పుడు బయోస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

కాబట్టి కొనే ముందు ప్లగ్గు పూర్తిగా పీకించి, చాయ తాగి గంట తర్వాత రండి. అప్పుడు తేదీ చూడండి. గంటకు బయటపడకపోవచ్చు, అందుకే ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి కూడా ప్లగ్గు పీకి ఉంచండి. సెల్లు కొంటే మూసిన ప్యాకెట్‌లోదే అడగండి. ఎల్‌ఐఆర్2032 ఇస్తే వద్దనండి, అది 3.6 వోల్టుల రీఛార్జ్ సెల్లు, దీనికి పనికిరాదు. సరదాకు 386, 486 లాంటి బాగా పాతకాలం కంప్యూటర్ బోర్డులు కొనేవాళ్లకు వేరే బాధ ఉంది: వాటిలో చాలావాటికి అతికించిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి బోర్డు గీతలను తినేస్తుంది. ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే ముట్టుకోకండి.

తీసిన సెల్లు బల్ల మీద పెడితే మా చిన్నది అప్పటికే చేతిలోకి తీసుకుంది. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, అలా జరిగితే చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

షాపుకు వెళ్లి అడిగాను. "సెల్లు మార్చినం గద అన్నా, అదే సర్వీసు" అన్నాడు. బిల్లు లేదు, నేనూ అడగలేదు. నాలుగు లగ్గం పత్రికలు మొదటి అక్షరం నుంచి మళ్లీ కొడుతున్నాను.